నోరు విప్పితే అయ్యే ఖర్చు

1920 నవంబరులో న్యూయార్క్‌లోని ప్రావిన్స్‌టౌన్ ప్లేహౌస్ అనే చిన్న హాల్లో యూజీన్ ఓనీల్ రాసిన ‘ది ఎంపరర్ జోన్స్’ నాటకం మొదలైంది. అందులో ప్రధాన పాత్ర ఒక నల్లజాతి మనిషిది. అప్పట్లో అలాంటి పాత్ర వస్తే చాలాచోట్ల తెల్లనటుడే మొహానికి నల్లరంగు పూసుకుని వేసేవాడు. ఈ నాటకం వేసిన బృందం అలా చెయ్యకుండా చార్ల్స్ గిల్పిన్ అనే నల్లజాతి నటుణ్ని తీసుకుంది. నాటకాల్లో వేషాలు దొరకని రోజుల్లో లిఫ్టు నడిపి పొట్ట పోసుకున్న మనిషి ఆయన. నాటకం గురించి ఊరంతా చెప్పుకున్నారు. చిన్న హాలు నుంచి బ్రాడ్‌వేకి వెళ్లింది.

ఆ స్క్రిప్టులో నల్లవాళ్లని తిట్టే ఒక మాట పదేపదే వస్తుంది. రోజూ ఆ మాట పలకడం గిల్పిన్‌కి కష్టమైంది. దాని బదులు వేరే మాటలు వాడటం మొదలుపెట్టాడు. ఓనీల్‌కి కోపం వచ్చింది. తర్వాత న్యూయార్క్‌లో మళ్లీ వేసినప్పుడు, లండన్ తీసుకెళ్లినప్పుడు ఆ పాత్ర పాల్ రాబ్సన్ అనే యువకుడికి వెళ్లింది. గిల్పిన్ 1930లో కన్నుమూశాడు. ఆ తర్వాత పదహారేళ్లకి, తను ఊహించుకున్న పాత్రని పూర్తిగా పట్టుకున్న నటుడు గిల్పిన్ ఒక్కడేనని ఓనీల్ ఒప్పుకున్నాడు. అప్పటికి ఆ మాట వినడానికి గిల్పిన్ లేడు.

ఈ కథ గుర్తొచ్చినప్పుడల్లా నేనొక లెక్క వేసుకుంటాను. ఆ మాట తప్పని చెప్పింది గిల్పిన్. చెప్పినందుకు వేషం పోయింది కూడా గిల్పిన్‌కే. రాసినాయనకి ఏమీ కాలేదు. డబ్బు పెట్టినవాళ్లకి ఏమీ కాలేదు. పక్కన నిలబడి రోజూ ఆ మాట విన్న తోటి నటులకీ ఏమీ కాలేదు. ఖర్చంతా ఒక్క మనిషి కట్టాడు.

అమెరికాలో నాటకాలు వేసే, వేయించే, పిల్లల్ని స్కూలు నాటకాలకి పంపే తెలుగువాళ్లని దృష్టిలో పెట్టుకుని ఈ అధ్యాయం రాస్తున్నాను. జాతుల మధ్య సమానత్వం గురించి మాట్లాడేవాళ్లు మనసు మార్చుకోమని చెబుతుంటారు. మారితే సంతోషమే. నేను రిహార్సల్ గదుల్లో చూసినంతలో మాత్రం మనసుకంటే ముందు మార్చాల్సింది ఈ ఖర్చు లెక్క. దెబ్బ తగిలినవాళ్లే అభ్యంతరం చెప్పాలి, చెప్పినందుకు వాళ్లే నష్టపోవాలి అన్న పద్ధతి ఉన్నంతకాలం, ఎంత మంచివాళ్లు కూడిన బృందంలోనైనా నిజం బయటికి రాదు.

ఖర్చు చేతులు మారిన రోజులు

1936లో ‘పోర్గీ అండ్ బెస్’ అనే సంగీత నాటకం వాషింగ్టన్‌లోని నేషనల్ థియేటర్‌కి వచ్చింది. నటులు దాదాపు అందరూ నల్లవాళ్లు. ఆ థియేటర్ రివాజు ఏమిటంటే, నల్లవాళ్లు స్టేజీ మీద ఆడొచ్చు, పాడొచ్చు, టికెట్టు కొనుక్కుని కుర్చీలో మాత్రం కూర్చోకూడదు. పోర్గీ పాత్ర వేస్తున్న టాడ్ డంకన్ అలాంటి చోట పాడనన్నాడు. యాజమాన్యం బేరానికి దిగింది: కొన్ని ఆటలకి రానిస్తాం, కొన్ని సీట్లు ఇస్తాం అంది. ఆయన ఒప్పుకోలేదు. చివరికి ఆ నాటకం ఆడినన్నాళ్లూ అందరూ ఎక్కడ కావాలంటే అక్కడ కూర్చున్నారు. నాటకం వెళ్లిపోగానే థియేటర్ మళ్లీ పాత పద్ధతికే వచ్చింది.

డంకన్ ధైర్యవంతుడు, సందేహం లేదు. ఆ ధైర్యానికి వెనక దన్ను కూడా ఉంది. ఆయన హోవార్డ్ విశ్వవిద్యాలయంలో సంగీతం చెప్పే ఆచార్యుడు. పైగా ఆయన లేకపోతే ఆ రాత్రి నాటకమే లేదు. గిల్పిన్‌కి ఈ రెంటిలో ఏదీ లేదు. బృందంలో ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరు మాట్లాడటం లేదు అని చూసేటప్పుడు గుణం ఒక్కటే చూడకండి. వాళ్ల వెనక ఏ గోడ ఉందో కూడా చూడండి.

పదేళ్లు గడిచాక అదే ఊళ్లో జరిగింది నాకు ఇంకా ముఖ్యం. 1946లో సినిమా తార ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ ఒక నాటకంతో లిస్నర్ ఆడిటోరియానికి వచ్చింది. అక్కడా నల్లవాళ్లని లోపలికి రానివ్వడం లేదని తెలిసి, విలేకరుల ముందే ఆ పద్ధతిని తప్పుబట్టింది. మరుసటేడు నటుల సంఘం ‘యాక్టర్స్ ఈక్విటీ’ ఒక నిర్ణయం తీసుకుంది. వాషింగ్టన్‌లో నల్ల ప్రేక్షకుల్ని బయట నిలబెట్టే థియేటర్లలో మా సభ్యులు ఆడరు అని. ఆ సభ్యుల్లో అత్యధికులు తెల్లవాళ్లు. రాజధానిలో ఆడితే వచ్చే డబ్బూ పేరూ వదులుకున్నది వాళ్లు. 1948లో నేషనల్ థియేటర్ నాటకాలు మానేసి సినిమాహాలుగా మారింది, పద్ధతి మాత్రం మార్చుకోలేదు. మళ్లీ 1952లో నాటకాలకి తలుపులు తెరిచినప్పుడు అందరికీ తెరిచింది.

డంకన్ ఒక్కడూ గెలిచింది కొన్నాళ్లే నిలిచింది. సంఘమంతా ఖర్చు పంచుకున్నాక వచ్చింది నిలబడింది.

2020 జూన్‌లో, పోలీసు చేతిలో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషి హత్య తర్వాత, 300 మందికి పైగా నాటకరంగ కళాకారులు కలిసి ఒక బహిరంగ లేఖ రాశారు. నల్లవాళ్లు, అమెరికా మూలవాసులు, ఆసియా, లాటిన్ మూలాలవాళ్లు అందరూ ఉన్నారు అందులో. తెల్లవారి నాటకరంగమా, నిన్ను చూస్తున్నాం అన్నది దాని పల్లవి. మరుసటి నెల దాదాపు ముప్పై పేజీల డిమాండ్ల పత్రం వచ్చింది. ఆ డిమాండ్లతో మీకు పేచీ ఉండొచ్చు. కొన్నిటితో నాకూ ఉంది. కానీ ఆ లేఖకి ఉన్న బలాన్ని గమనించండి. ఎవరో ఒకరి పేరు పైన ఉండి ఉంటే, మర్నాటి నుంచి ఆ మనిషికి వేషాలు వచ్చేవి కాదు. 300 మందిని ఎవరు పక్కన పెట్టగలరు?

కారులో అద్దం

నేను పదకొండేళ్లుగా మా ఊరి కమ్యూనిటీ థియేటర్‌లో స్టేజ్ మేనేజర్‌ని. పగలు ఆఫీసు, సాయంత్రం రిహార్సల్. హాజరు తీసుకోవడం, లైట్లకీ సౌండుకీ క్యూలు చెప్పడం, మాట మర్చిపోయినవాళ్లకి అందించడం నా పని.

ఒక జనవరిలో డ్రెస్ రిహార్సల్‌కి ఐదింటికే వెళ్లాను, తాళాలు తియ్యడానికి. పార్కింగ్‌లో ఒక్క కారు ఉంది. ఇంజన్ నడుస్తోంది, అద్దాలకి ఆవిరి పట్టి ఉంది. లోపల మా నాటకంలో పెద్దక్క వేషం వేస్తున్న నల్లజాతి అమ్మాయి. డ్రైవర్ సీటు ముందుండే చిన్న అద్దంలో చూసుకుంటూ జుట్టు పాయలు తీసి, విగ్గు కిందికి అణిగేలా అల్లుకుంటోంది. ఒళ్లో సొంత ఫౌండేషన్ సీసా, దువ్వెనలు, పిన్నులు. కిటికీ తట్టి లోపలికి రమ్మన్నాను. పర్లేదు, అయిపోవచ్చింది అంది.

ఆ రాత్రి అందరూ వెళ్లాక మా మేకప్ పెట్టె తెరిచి చూశాను. ప్యాన్‌కేక్ డబ్బాలు తొమ్మిది. తొమ్మిదీ గోధుమ పిండికీ గులాబీ రంగుకీ మధ్యే. నా మొహానికి సరిపోయేదే ఒక్కటీ లేదు. ఆ పెట్టెని ఎన్నేళ్లుగానో నేనే సర్దుతున్నాను, నాకు ఎప్పుడూ కనపడలేదు. అందరికీ ఆరున్నరకి రమ్మని చెప్పిన కాగితం మీద సంతకం నాదే. తక్కినవాళ్లు ఆరున్నరకి వచ్చి కుర్చీలో కూర్చుంటే వాలంటీర్లు జుట్టు దువ్వి రంగు వేస్తారు. ఆ అమ్మాయి గంటన్నర ముందొచ్చి, చలిలో, సొంత డబ్బుతో ఆ పనంతా తనే చేసుకుంటోంది. ఎవర్నీ ఒక్క మాట అనలేదు. ఇంతకుముందు ఏదో బృందంలో అడిగి ఉంటుంది, అడిగాక ఏం జరిగిందో చూసి ఉంటుంది.

బడ్జెట్టు కాగితం తీసుకుని దానిమీద ఒక కొత్త గీత గియ్యండి. నాటకంలో ఉన్న ప్రతి మనిషి ఒంటిరంగుకీ సరిపోయే మేకప్, ప్రతి మనిషి జుట్టు తీరు తెలిసిన చెయ్యి. అలాంటి చెయ్యి మీ బృందంలో లేకపోతే ఊళ్లో వెతికి డబ్బిచ్చి పిలవండి. అంత డబ్బు లేకపోతే ఆ నటికే ఆ ఖర్చు తిరిగివ్వండి, ఆమె తయారయ్యే సమయాన్ని రిహార్సల్ సమయంలో కలపండి. ఒంటికి అంటించే మైకు టేపు, కాళ్లకి వేసుకునే మేజోళ్లు, బాలే చెప్పులు, అన్నిటికీ ‘ఒంటిరంగు’ అని పేరుంటుంది. ఎవరి ఒంటిరంగు? నల్లజాతి బాలే నర్తకులు తరతరాలుగా గులాబీరంగు చెప్పులకి మేకప్ పూసి తమ రంగులోకి తెచ్చుకునేవారు. లండన్‌లో ‘ఫ్రీడ్’ అనే పేరున్న కంపెనీ ‘బాలే బ్లాక్’ బృందంతో కలిసి గోధుమ, కంచు రంగుల్లో ఆ చెప్పులు తెచ్చింది 2018లో.

లైట్లూ అంతే. లైట్లు అమర్చే రోజు ఖాళీ స్టేజీ మీద ఎవరో ఒక వాలంటీరుని నిలబెట్టి చూస్తారు. అలా కాకుండా ఆ సీన్లో ఉండే నటుల్నే నిలబెట్టి, చివరి వరసలో కూర్చుని, అందరి కళ్లూ కనపడుతున్నాయో లేదో చూడండి. తెల్లమొహానికి చాలిన వెలుతురు నల్లమొహానికి చాలదు. వెనక తెర ముదురు రంగైతే ఆ మొహం అందులో కలిసిపోతుంది. తెర మార్చొచ్చు, పక్క లైటు పెంచొచ్చు, కోణం మార్చొచ్చు. మా లైటింగ్ ఆయనకి ఇది గంటలోపు పని అయింది. అన్నాళ్లు అడిగినవాళ్లు లేరు, అంతే.

కొంచెం ఇండియన్‌గా అను

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. ఇంకో నాటకం, వేరే నటులు. అందులో చిన్న వేషం ఒక తెలుగు కుర్రాడికి వచ్చింది. పదహారేళ్లవాడు, ఇక్కడే పుట్టాడు, మాట అచ్చం ఈ ఊరివాళ్లలాగే ఉంటుంది. హోటలు కౌంటర్ దగ్గర తాళంచెవి ఇచ్చే వేషం, నాలుగు మాటలు. మూడో రోజు డైరెక్టర్ “కొంచెం ఇండియన్‌గా అను” అన్నాడు. కుర్రాడికి అర్థమైంది. నావైపు చూశాడు. ఆ గదిలో వాడి పోలికలున్న మనిషిని నేనొక్కదాన్నే. నేను స్క్రిప్టులోకి తల దించుకున్నాను.

మొదటి ఆటనాడు వాడు ఆ యాసలో మాట అనగానే హాలంతా నవ్వింది. నాలుగో వరసలో వాళ్ల నాయనమ్మ ఉంది, మనవడి నాటకానికని పట్టుచీర కట్టుకుని వచ్చింది. ఆవిడ మాట్లాడే నాలుగు ఇంగ్లీషు ముక్కలూ ఆ యాసలోనే ఉంటాయి. బయటికొచ్చాక “ఎందుకు రా అంతలా నవ్వారు, నువ్వు తప్పు చెప్పావా?” అని అడిగింది. వాడు సమాధానం చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

యాసని నవ్వులాటకి వాడుకోవడం మనకి కొత్త సంగతి కాదు. దశాబ్దాల తరబడి మన సినిమాల్లో పనిమనిషికో రౌడీకో తెలంగాణ యాస, అమాయకుడికి శ్రీకాకుళం యాస పెట్టి హాలు నవ్వించారు. ఆ ప్రాంతాల పిల్లలు హాస్టళ్లలో, కాలేజీల్లో దాని ఫలితం అనుభవించారు. మీది ఆ ప్రాంతమైతే ఈ సంగతి మీకు నేను వివరించక్కర్లేదు. కాకపోతే, అలా పెరిగిన స్నేహితుడు ఒకడు ఉండే ఉంటాడు, ఒకసారి అడిగి చూడండి.

హరి కొండబోలు న్యూయార్క్‌లో పుట్టిన తెలుగింటి పిల్లవాడు, హాస్యనటుడు. ‘ది సింప్సన్స్’ కార్టూన్లో కిరాణాకొట్టు నడిపే భారతీయుడు అపూ యాస వింటూ పెరిగాడు. ఆ గొంతు హాంక్ అజారియా అనే తెల్లనటుడిది. 2017లో కొండబోలు ‘ది ప్రాబ్లమ్ విత్ అపూ’ అని డాక్యుమెంటరీ తీశాడు. తిట్లు తిన్నాడు, నీకు హాస్యం అర్థం కాదన్నారు, తీసింది హాస్యనటుడైనా సరే. 2020లో అజారియా ఆ పాత్రకి గొంతివ్వడం మానేశాడు. రాత్రికి రాత్రే మనసు మారి చేసింది కాదది, కొన్నేళ్లు దక్షిణాసియా వాళ్లు చెప్పేది వింటూ వచ్చాడు. 2021లో బాహాటంగా క్షమాపణ చెప్పాడు. ఇద్దరిలో ఎవరి పని కష్టమైందో నేను చెప్పలేను. ఎవరు ముందు ఖర్చు పెట్టుకున్నారో మాత్రం తెలుస్తూనే ఉంది.

ఆ రోజు నేనేం అనగలిగేదాన్ని? చాలాసార్లు ఆలోచించాను. పెద్ద ప్రసంగం అక్కర్లేదు. “ఈ పాత్రకి యాస ఎందుకు కావాలనుకుంటున్నారు? ఇతను ఎన్నేళ్ల క్రితం వచ్చాడు, ఏ ఊరివాడు?” అని అడిగితే చాలు. ఇది నాటకం గురించిన ప్రశ్న, డైరెక్టర్ సమాధానం చెప్పి తీరాల్సిన ప్రశ్న. కారణం ఉంటే చెబుతాడు, అప్పుడు ఆ ఊరి యాస సరిగ్గా నేర్పేవాళ్లని తీసుకురావచ్చు. కారణం నవ్వు ఒక్కటే అయితే అది ఆయనకే వినపడుతుంది. ఈ మాట పదహారేళ్ల కుర్రాడు అంటే వేషం పోవచ్చు. నేనంటే పోయేదేమీ లేదు. పదకొండేళ్ల సర్వీసున్న స్టేజ్ మేనేజర్‌ని ఎవరూ తియ్యరు. పిల్లి మెడలో గంట ఎవరు కట్టాలన్న ప్రశ్న వచ్చినప్పుడు, పిల్లి ఎవర్ని కరవలేదో వాళ్లే కట్టాలి.

కాటుక డబ్బా

మనం ఎదుటివాళ్ల తప్పులే చూస్తే చాలదు. ఒక తెలుగు సంఘం పిల్లల వేషాల పోటీలో జరిగింది ఇది. తెర వెనక ఒక తల్లి తన ఏడేళ్ల కొడుక్కి కోటు తొడిగి, టై కట్టి, మొహానికి కాటుక రాస్తోంది. మార్టిన్ లూథర్ కింగ్ వేషం. ప్రసంగంలో ముక్క పిల్లవాడికి చక్కగా నేర్పింది. ఆమె మనసులో గౌరవం తప్ప ఇంకేం లేదు. మన రంగస్థలం మీద కృష్ణుడికి నీలం, యముడికి నలుపు పూస్తాం, అలా పెరిగిన కంటికి అది వేషం, అంతే.

ఈ దేశంలో మాత్రం ఆ రంగుకి ఒక చరిత్ర ఉంది. 1830 ప్రాంతంలో థామస్ రైస్ అనే తెల్లనటుడు మొహానికి నల్లరంగు పూసుకుని, చిరిగిన బట్టలేసుకుని ‘జిమ్ క్రో’ అనే పాత్రగా పాడుతూ గెంతేవాడు. జనం విరగబడి చూశారు. తర్వాత దశాబ్దాలపాటు అలాంటి ప్రదర్శనలు ఊరూరా ఆడాయి. నల్లవాడంటే సోమరి, వెర్రివాడు, దొంగ అన్న బొమ్మ అక్కడే తయారైంది. బానిసత్వం పోయాక దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవాళ్లని బళ్లలో, బస్సుల్లో, నీళ్ల కొళాయిల దగ్గర వేరుచేసే చట్టాలు వచ్చినప్పుడు వాటికి స్థిరపడ్డ పేరు జిమ్ క్రో చట్టాలు. ఒక నాటక వేషం పేరు చట్టానికి పేరైంది. కింగ్ పోరాడింది ఆ చట్టాలతోనే. ఆయన వేషానికి ఆ రంగే పూస్తే ఎలా ఉంటుందో ఒక్క క్షణం ఊహించండి.

నేను ఆమెని పక్కకి పిలిచి ఈ కథ చెప్పాను. మొదట మొహం చిన్నబుచ్చుకుంది. తర్వాత కొబ్బరినూనె అడిగి, తుడిచేసింది. కోటూ టై, ఆ ప్రసంగం చాలు, పిల్లవాడు కింగే అనిపించాడు. నేను చెప్పడం ఆమెకి సులువుగా ఎక్కింది, ఎందుకంటే ఇద్దరం తెలుగువాళ్లం, తెర వెనక, ఇంకెవరూ వినడం లేదు. అదే మాట హాల్లో ఉన్న ఒక నల్లజాతి అతిథి లేచి చెప్పాల్సి వస్తే? మనవాళ్లకి మనం చెప్పడం మన పని. మన ఇళ్లలో ‘నల్లోళ్లు’ అని తేలిగ్గా అనేసే మాట విన్నప్పుడు కూడా.

అభ్యంతరం వచ్చినప్పుడు

మొదటి రిహార్సల్ రోజే చెప్పండి: ఏదైనా ఇబ్బందిగా ఉంటే చెప్పడానికి ఇద్దరు మనుషులున్నారు, వాళ్లలో ఎవరూ డైరెక్టర్ కాదు, వేషాలిచ్చే అధికారం ఉన్నవాళ్లూ కాదు. వృత్తి నాటకాల్లో నటులు తమలోంచి ఒకర్ని ఈక్విటీ డిప్యూటీగా ఎన్నుకుంటారు. సమస్యలు ఆ మనిషి పేరుమీద వెళతాయి. మనలాంటి చిన్న బృందాలకి కూడా ఆ పద్ధతి పనికొస్తుంది. పేరు లేకుండా చీటీ వెయ్యడానికి ఒక డబ్బా పెట్టండి.

చీటీ వస్తే ఎవరు రాశారో వెతక్కండి. అందర్నీ కూర్చోబెట్టి “ఇక్కడున్న నల్లవాళ్లు ఏమంటారు?” అని అడగకండి. తన జాతి మొత్తానికీ ఒక మనిషితో సాక్ష్యం చెప్పించడం కూడా ఖర్చే. “నా ఉద్దేశం అది కాదు” అన్న మాట నిజమే కావచ్చు, కానీ అది మొదటి వాక్యం కాకూడదు. అది అనగానే ఎదుటిమనిషి పని మారిపోతుంది. తన బాధ చెప్పుకోవడం ఆపి, మిమ్మల్ని ఓదార్చడం మొదలుపెట్టాలి. “చెప్పినందుకు మంచిది. రేపటిలోగా ఏం చేస్తామో చెబుతాను” అనండి. రేపటిలోగా చెప్పండి. మార్చలేకపోతే ఎందుకు మార్చలేమో చెప్పండి.

అభ్యంతరం వచ్చేదాకా ఆగకుండా ముందే చూసుకోవాల్సింది నాటకాల ఎంపిక. నల్లవాళ్ల నాటకం ఫిబ్రవరిలోనే వేసే అలవాటు చాలా సంస్థలకి ఉంది, అది నల్లజాతి చరిత్ర మాసం కనక. మార్చి వచ్చేసరికి ఆ నటులంతా మళ్లీ ఖాళీ. నాటకాలు ఎంపిక చేసే కమిటీలో ఎవరున్నారో చూడకుండా వేషాల గురించి ఎంత మాట్లాడినా లాభం లేదు. 1996లో ప్రిన్స్‌టన్‌లో నాటకసంస్థల సభలో నల్లజాతి నాటకకర్త ఆగస్ట్ విల్సన్ ఇలాంటి మాటే చెప్పాడు. ప్రాంతీయ నాటకశాలల సమాఖ్యలో 66 సంస్థలుంటే నల్లవాళ్ల సంస్థ ఒక్కటే ఉందన్నాడు. రంగు చూడకుండా ఎవరికైనా ఏ వేషమైనా ఇవ్వడం సమానత్వం కాదని, మా కథలు మేం చెప్పుకునే ఇల్లు కావాలని ఆయన వాదన. విమర్శకుడు రాబర్ట్ బ్రూస్టీన్ దీన్ని గట్టిగా ఖండించాడు. మరుసటేడు జనవరిలో న్యూయార్క్ టౌన్ హాల్లో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని వాదించుకున్నారు. విల్సన్‌తో నేను పూర్తిగా ఏకీభవించను. పదహారేళ్ల తెలుగు కుర్రాడు హామ్లెట్ వెయ్యాలనే నా కోరిక. కానీ చోటూ డబ్బూ ఎవరి చేతిలో ఉన్నాయన్న ప్రశ్న దాటవేసి వేషాలు పంచితే అది దానమవుతుంది, వాటా అవదు.

ప్రేక్షకుల గురించి ఒక మాట. చాలా నల్లజాతి చర్చిల్లో, మాట్లాడేవాళ్లకి వింటున్నవాళ్లు గట్టిగా బదులు పలకడం మర్యాద. నాటకశాలలో అలా చేస్తే పక్కనున్నవాళ్లు గుడ్లురిమి చూస్తారు. డొమినిక్ మోరిసో అనే నాటకకర్త తన నాటకాల కరపత్రంలో ఒక కాగితం పెట్టించింది, నవ్వొస్తే గట్టిగా నవ్వొచ్చు, మనసుకి తగిలితే బదులు పలకొచ్చు అన్న అర్థంలో. మనవాళ్లకి ఇది వెంటనే అర్థం కావాలి. పద్యనాటకంలో రాగం ఎత్తుకోగానే ‘వన్స్ మోర్’ అని అరిచి, నటుణ్ని వెనక్కి పిలిచి మళ్లీ పాడించుకున్న ప్రేక్షకులం మనం. పక్క సీట్లో ఎవరైనా గట్టిగా స్పందిస్తే ఊరుకోమని సైగ చెయ్యకండి.

మా బృందంలో చీటీల డబ్బా పెట్టాక పది రోజులు ఖాళీగానే ఉంది. పదకొండో రోజు ఒక చీటీ పడింది. నాలుగు మడతలు పెట్టి ఉంది. విప్పి చదివాను. నా గురించే. బృందంలో ఉన్న ఇద్దరు నల్లజాతి అమ్మాయిల పేర్లు నేను తారుమారు చేసి పిలుస్తున్నానని, మూడుసార్లు జరిగిందని, ఒకసారి సరిచేసినా మళ్లీ జరిగిందని రాసి ఉంది. కింద పేరు లేదు.

మొదట నాలో లేచింది సమర్థనే. ఇద్దరూ ఒకే ఎత్తు, చీకట్లో వింగ్స్‌లో నిలబడతారు, నాకు ముప్పై పేర్లు గుర్తుండాలి. ఆ చీటీ మళ్లీ మడిచి జేబులో పెట్టుకుని ఇంటికెళ్లాను. వాళ్ల ఫొటోలు తీసి పక్కపక్కన పెట్టుకుని ఒక్కో పేరూ పైకి పలికాను, పిల్లలు పడుకున్నాక వంటింట్లో నిలబడి, చాలాసేపు. మర్నాడు అందరూ చేరాక, ఇద్దరి పేర్లూ తప్పుగా పిలిచింది నేనేనని, ఇకమీదట తప్పితే ఎవరైనా అక్కడే ఆపొచ్చని చెప్పాను. ఎవరూ ఏమీ అనలేదు. హాజరు పట్టీ తెరిచి పిలవడం మొదలుపెట్టాను.